ప్లాస్టిక్‌ని ఇనుముకి అంటించడం – 4వ పాఠం: పూత పచ్చిగా ఉండగానే పట్టుకోవాలి

పోయినసారి ఎంఎస్ (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఇనుము) పట్టీని 120 నంబర్ ఎమరీతో నిలువుగా అడ్డంగా రుద్ది, అసిటోన్ గుడ్డతో తుడిచి పక్కన పెట్టాం. దాన్ని అలాగే వాడేయకండి, ఇంకో నాలుగు రుద్దులు రుద్ది మళ్లీ తుడవండి, వైజాగ్, కాకినాడ వైపు వాళ్లయితే మరీనూ, ఆ తేమకి కంటికి కనపడనంత సన్నగా తుప్పు ఎక్కేసి ఉంటుంది. తర్వాత నీళ్ల టెస్ట్. పట్టీ మీద కాసిని నీళ్లు పోసి కొంచెం వంచండి, నీళ్లు ఒకే పొరలా పరుచుకుంటే సరే, తామరాకు మీద లాగా చుక్కలు చుక్కలుగా విడిపోతే ఇంకా జిడ్డు ఉన్నట్టే. నేను మొదట్లో ఈ టెస్ట్ ఎగ్గొట్టి, పైగా బండి తుడిచిన గుడ్డతోనే పట్టీ కూడా తుడిచి పూత వేశా, మర్నాడు గోరు పెడితే మొత్తం ఉల్లిపొరలా లేచొచ్చేసింది. టెస్ట్ అయ్యాక హెయిర్ డ్రయ్యర్‌తో బాగా ఆరబెట్టండి, వేలితో మాత్రం ముట్టుకోవద్దు.

ఇక ప్లాస్టిక్. ఇవాళ తీసుకునేది క్యాన్ ముక్క, అడుగున త్రికోణంలో 2 అని ఉండాలి, అంటే హెచ్‌డీపీఈ, పాలిథిలీన్‌లో గట్టి రకం. టెఫ్లాన్ సంగతి వదిలేస్తే ఇంత మొండి సరుకు ఇంకోటి తక్కువే. ఏ జిగురైనా అంటుకునే ముందు తడపాలి కదా, తడపాలంటే జిగురు సర్ఫేస్ టెన్షన్ (చుక్కగా ముడుచుకునే బలం) కన్నా అవతలి దాని సర్ఫేస్ ఎనర్జీ (పైకి లాక్కునే బలం) ఎక్కువుండాలి. ఈ రెండిటినీ డైన్లలో (సెంటీమీటరుకి ఇన్ని అని) కొలుస్తారు. పాలిథిలీన్‌ది సుమారు 31 డైన్లు, మనం వాడే ఎపాక్సీ, అంటే రెండు భాగాలు కలిపి వాడే జిగురు, దానిది 40 పైన, శుభ్రమైన ఇనుముది వందల్లో. అందుకే అదే ఎపాక్సీ ఇనుము మీద పరుచుకుంటుంది, క్యాన్ మీద ముద్దగా కూర్చుంటుంది. మరి పాల ప్యాకెట్ కూడా పాలిథిలీనే కదా, దాని మీద ఇంకు ఎలా నిలుస్తోంది అంటారా, ప్రింటింగ్‌కి ముందు ఆ ఫిల్మ్ పైవైపు కరోనా ట్రీట్‌మెంట్ అని కరెంటు డిశ్చార్జ్ ఇచ్చి 38 డైన్ల దాకా తెస్తారు.

మన దగ్గర ఆ మెషిన్ లేదు, గ్యాస్ టార్చ్ ఉంది. అసిటోన్ సీసా మూతపెట్టి వేరే గదిలో పెట్టేశాకే వెలిగించండి. నీలం మంట కొస ముక్కకి తగిలీ తగలనట్టు, సెకనుకి అడుగు స్పీడులో, రెండు మూడు సార్లు పోనివ్వండి. కరగకూడదు, మెరవకూడదు, రంగు మారకూడదు. వేడి చెయ్యడం కాదు ఇక్కడ పని, మంటలో ఆక్సిజన్ వెళ్లి పైపొరని పట్టుకోవాలి, అందుకే హీట్ గన్‌తో చేస్తే లాభం లేదు. ఇది అయ్యాక అరగంటలోపే అంటించాలి.

అందుకని మంట పెట్టే ముందే ఇనుము మీద ఎపాక్సీ వేసి ఉంచుకోవాలి. అయిదు నిమిషాల రకం వద్దు, నిదానంగా గట్టిపడేది కొనండి, ప్యాక్ మీది కొలతతో కలిపి పల్చగా పూయండి. ఇప్పుడు అరిసెల పాకం చూసినట్టు చూస్తూ ఉండాలి. అగ్గిపుల్లతో తాకి లాగితే తీగ రావాలి. నీళ్లలా ఉంటే ముక్క జారిపోతుంది, తీగ రాకుండా గట్టిగా తగిలితే ముదిరిపోయినట్టే, ఇక దేన్నీ కలుపుకోదు. తీగ పాకంలో ఉండగా ప్లాస్టిక్ మీద కూడా పల్చగా కొత్త ఎపాక్సీ రాసి, రెండూ కలిపి క్లిప్పులు పెట్టి ఒక రోజంతా వదిలేయండి.

గ్యాస్, ఆయిల్ పైపులకి వేసే మూడు పొరల పూతలో కూడా కిటుకు ఇదే. పైపుని ఇసుక దెబ్బ లాంటి బ్లాస్టింగ్‌తో గరుకు చేసి, ఇండక్షన్ కాయిల్‌తో సుమారు 200 డిగ్రీలకి వేడెక్కించి ఎపాక్సీ పౌడర్ కొడతారు, అది కరిగి ఇంకా పచ్చిగా ఉండగానే మధ్య పొర వేస్తారు, దాని మీద పాలిథిలీన్. ఆ మధ్య పొర కూడా పాలిథిలీన్ జాతిదే, కాకపోతే దానికి మాలెయిక్ అన్‌హైడ్రైడ్ అనే రసాయనం అంటుగట్టి ఉంటుంది, అది పచ్చి ఎపాక్సీతో రియాక్ట్ అవుతుంది, మిగతా ఒళ్లు పై పాలిథిలీన్‌లో కరిగి కలిసిపోతుంది, అటు చుట్టం ఇటు చుట్టం అన్నమాట. అందుకే అక్కడ మంట అవసరమే లేదు. ఆ కొద్ది సెకన్ల టైమింగ్ తప్పితే మాత్రం తర్వాత పొర పొరలుగా లేస్తుంది.

మర్నాడు మీ ముక్క అంచులో కట్టర్ దూర్చి లేపండి. ఇనుము నున్నగా బయటపడితే తప్పు తుడవడంలో ఉంది, ప్లాస్టిక్ నున్నగా వస్తే మంట చాల్లేదు, జిగురు మధ్యలో రెండు పొరలుగా విడిపోతే పాకం ముదిరాక అంటించారు, రెండు వైపులా జిగురు చీలికలుగా మిగిలి ప్లాస్టిక్ అంచు సాగి తెల్లబడితే అతుకు కుదిరినట్టే, వచ్చే వారం కారు బంపర్ పీపీకి (పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌కి) వెళ్దాం.