ఇరవయ్యో శనగ: ఇంట్లో మాంటిస్సోరి వస్తువులు చేసేవాళ్లకు జాగ్రత్తలు

పోయిన నెల మా ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, చిన్నాడి ముక్కులోంచి అదోరకం వాసనొస్తోంది. జలుబనుకుని మందు పోస్తున్నా, తగ్గట్లేదు." రెండు వైపులా కారుతోందా, ఒక్క వైపేనా అని అడిగాను. కుడివైపు ఒక్కటేనట. నా గుండె గతుక్కుమంది. ఎందుకంటే వాడు చేతులతో పని చేసుకుంటూ నేర్చుకోవాలని మాంటిస్సోరి పద్ధతిలో గింజల ట్రే చేసిచ్చింది నేనే. రెండు స్టీలు గిన్నెలు, ఓ చిట్టి గరిటె, ఇరవై కాబూలీ శనగలు. ఈఎన్‌టీ డాక్టరు బయటికి తీసేసరికి శనగ ఉబ్బి, పొట్టు ఊడి, మెత్తబడిపోయి ఉంది. ఆరు రోజుల కిందట ట్రే సర్దుతుంటే ఒకటి తక్కువొచ్చిందట. సోఫా కిందికి దొర్లిపోయుంటుందిలే అనుకుందట.

ఆ "దొర్లిపోయుంటుందిలే" గురించే ఇదంతా రాస్తున్నాను. ఎండాకాలం సెలవులు వచ్చేశాయి, బాలబడులు మూసేశారు, ఇంట్లో అట్టపెట్టెలూ గింజలూ ఫెవికాలూ ముందేసుకుని కూర్చునే అమ్మలు చాలామందే ఉంటారు. కత్తెర అందకుండా పెట్టమనీ, గుండుసూదులు దాచమనీ నేను చెప్పక్కర్లేదు.

లెక్కతో మొదలుపెడదాం. గింజలెప్పుడూ గుప్పెడు పోయకండి. పదో, ఇరవయ్యో, అంకె ఖాయం చేసుకోండి. ట్రే అడుగున తెల్ల ప్లాస్టరు అంటించి ఆ అంకె పెన్నుతో రాయండి, అమ్మమ్మ దగ్గరున్నా ఆయా దగ్గరున్నా తెలియాలి. ఇచ్చేటప్పుడు లెక్క, తీసేటప్పుడు లెక్క. పిల్లాడితో కలిసి పైకే లెక్కపెడితే వాడికి అంకెలూ వస్తాయి, అది వేరే సంగతి. ఒకటి తక్కువైతే సోఫా జరపండి, చాప దులపండి, చొక్కా జేబు, డైపరు చూడండి, టార్చి వేసి నోరూ ముక్కూ చెవులూ చూడండి. దొరకలేదా, పిల్లాడి లోపలే ఉందనుకుని మసలండి. దొర్లిపోయుంటుందిలే అనుకోవద్దు.

రెండోది, సైజు. మాంటిస్సోరి బళ్లలో ఒకదానిమీదొకటి పేర్చే గులాబీ టవర్ చూసే ఉంటారు, పది చెక్క ఘనాలు, పెద్దది 10 సెంటీమీటర్లు, చిన్నది ఒక్క సెంటీమీటరు. వడ్రంగితో అచ్చం అలాగే చేయించి రెండేళ్ల పిల్లకిచ్చిన వాళ్లను నేనెరుగుదును. బళ్లో దాన్ని మొదలుపెట్టేది దాదాపు మూడేళ్లకు, అదీ టీచరు కళ్లెదుట. ఆ చివరి చిట్టి ఘనం సరిగ్గా గొంతుకు అడ్డంపడే సైజు. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించే గొట్టం 3.17 సెంటీమీటర్ల వెడల్పుంటుంది, అందులో పట్టేసేదేదీ వాళ్లకు పనికిరాదు. ఇంట్లోనైతే టిష్యూ రోలు మధ్యనుండే అట్టగొట్టం చాలు. అది ఇంకాస్త వెడల్పే, కాబట్టి ఆ పరీక్ష మరింత భద్రం. టవర్‌ను 4 సెంటీమీటర్ల ఘనంతో మొదలుపెట్టండి. ఏడు ఘనాలతోనూ పిల్ల నేర్చుకునేది నేర్చుకుంటుంది. శనగలూ పల్లీలూ రాజ్మా మూడేళ్లు దాటి, నోట్లో పెట్టుకునే అలవాటు పూర్తిగా పోయాకే.

మూడోది, దేంతో చేస్తున్నామన్నది. 2021 జనవరి నుంచి కొనే బొమ్మల మీద ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి చేశారు. మనం చేసుకునేదానికి ముద్ర వేసేవాళ్లెవరూ ఉండరు, పరీక్షా మనదే. అటక మీది పాత రంగుడబ్బా దించకండి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు కొన్న డబ్బాలో ఎంతుందో చెప్పలేం. పిల్లలు వేలితో దిద్దే గరుకు కాగితం అక్షరాలకు సన్నరకం తీసుకోండి, ముతకది లేత వేళ్లను గీరేస్తుంది. ప్లైవుడ్ అంచుల మీద మీ అరచెయ్యి వెనక్కీ ముందుకీ రాసి చూడండి, పేడు గుచ్చుకుంటే మీకే గుచ్చుకోవాలి.

ఎరుపూ నలుపూ ముచ్చటగా ఉన్నాయని గురివింద గింజలు ఏరే ట్రేలో పెట్టడం ఈమధ్య చూశాను. వద్దు. పొట్టు పగిలి లోపలిది కడుపులోకి వెళ్తే ప్రాణం మీదికొస్తుంది. ఆముదం గింజలూ అంతే. చింతపిక్కలతో విషం భయం లేదు, గొంతుకడ్డం పడే భయం మాత్రం ఉంది.

ఇక వరసపెట్టి చెప్పేస్తాను.

నీళ్లలో ఉబ్బే రంగురంగుల జెల్ పూసలు ఇంట్లోకే రానివ్వకండి, మింగితే కడుపులో కూడా ఉబ్బుతాయి.

చిన్న అయస్కాంతాలు వద్దు. రెండు మింగితే పేగుల్ని మధ్యన పెట్టి అతుక్కుంటాయి.

బటన్ బ్యాటరీ ఉన్నదేదీ ట్రేలోకి రాకూడదు. గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోతుంది.

పూసలు గుచ్చే తాడు జానెడుకు మించొద్దు.

నీళ్లు ఒంపే పనికి గ్లాసెడు నీళ్లు. బకెట్ పక్కన పెట్టుకుని కూర్చోబెట్టకండి.

అద్దం వద్దు, అక్రిలిక్ షీటు పెట్టండి.

ట్రే దగ్గరుండగా ఫోను మోగితే మోగనివ్వండి. పిల్లలు పని చేసుకుంటుంటే జోక్యం చేసుకోవద్దంది గానీ, వాళ్లను గమనించడం మానేయమని ఈ పద్ధతి పెట్టిన మరియా మాంటిస్సోరి ఎక్కడా అనలేదు.

ముక్కులో గింజ కనిపిస్తే పిన్నీసుతో కెలక్కండి, లోపలికి పోతుంది.

చెవిలో పడితే నీళ్లు పోయకండి. గింజ ఉబ్బుతుంది.

గొంతుకడ్డం పడినప్పుడు గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గలేక, మాట రాక ఉంటే 108కి చెయ్యమని పక్కవాళ్లకు చెప్పి, పిల్లాణ్ని ముందుకు వంచి వీపు మీద రెక్కల మధ్య ఐదు దెబ్బలు వెయ్యండి. కనపడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి తిప్పకండి.

దగ్గి దగ్గి ఆగిపోయింది కదా, పోయిందిలే అనుకోకండి. ఇదీ ఆ "లే" లాంటిదే. ఊపిరిగొట్టంలోకి జారిన పల్లీ కాసేపు దగ్గించి ఊరుకుంటుంది, రోజుల తర్వాత పిల్లికూతలతో బయటపడుతుంది. ఎక్స్‌రేలో గింజ కనపడకపోవచ్చు. అందుకే డాక్టరు గదిలో మొదటి మాటే "గింజలతో ఆడాడు, ఒకటి తక్కువైంది" అని చెప్పండి. లెక్కపెట్టి ఉంటేనే ఆ మాట చెప్పగలరు.

పంతొమ్మిదే ఉన్నాయా? సోఫా జరపండి.