చరిత్రలో ఈ రోజు రాయడం నేర్చుకుందాం – 6వ భాగం: డిసెంబర్ 31కి తేదీ పరీక్ష

1844 డిసెంబర్ 31న ఫిలిప్పీన్స్‌లో ఒక్కరూ పుట్టలేదు, ఒక్కరూ చనిపోలేదు. ఆ రోజు అక్కడ అసలు రానేలేదు. డిసెంబర్ 30 సోమవారం రాత్రి పడుకున్నవాళ్ళు జనవరి 1 బుధవారం పొద్దున లేచారు. స్పెయిన్ పాలనలోని ఆ దీవులతో రాకపోకలన్నీ మొదట్లో మెక్సికో మీదుగా, పసిఫిక్ దాటి జరిగేవి. అందుకే అక్కడ అమెరికా ఖండం వైపు తేదీయే వాడుకలో ఉండేది. పక్కనున్న ఆసియా ఓడరేవులకంటే ఒక రోజు వెనక అన్నమాట. మెక్సికో స్వతంత్రమయ్యాక ఆ దారిన వ్యాపారం పోయి, ఆసియా దేశాలతో పెరిగింది. ఇక ఒక రోజు వెనకబడి ఉండటంలో అర్థం లేదని అక్కడి ప్రభుత్వం ఆ మంగళవారాన్ని లెక్కలోంచి తీసేసింది.

కాబట్టి ఎక్కడైనా మీకు "1844 డిసెంబర్ 31, మనీలా" అని కనిపిస్తే, అది తప్పని పుస్తకం తెరవకుండానే చెప్పేయొచ్చు. ఈ భాగంలో నేర్చుకునేది ఇలాంటి పరీక్షే.

గత భాగంలో, ఒక తేదీకి దొరికిన పాతిక ముప్పై సంగతుల్లో ఏవి ఉంచాలో, ఏవి వదలాలో చూశాం. ఇప్పుడు ఉంచినవాటి తేదీ నిలుస్తుందా లేదా అని చూడాలి. దీనికి డిసెంబర్ 31ని కావాలనే ఎంచుకున్నాను. జూలై మధ్యలో ఒక రోజు అటూ ఇటూ అయితే పోయేది ఒక రోజే. ఇక్కడ ఒక్క రోజు జరిగితే నెల మారుతుంది, సంవత్సరం మారుతుంది, మనిషి వయసు మారిపోతుంది.

నోటుపుస్తకంలో ప్రతి సంగతికీ నాలుగు గడులు గీయండి: ఏం జరిగింది, ఎక్కడ, ఏ క్యాలెండర్ ప్రకారం, సరిగ్గా ఆ రోజు జరిగిన పని ఏమిటి. నాలుగూ నిండితేనే ఆ సంగతి జాబితాలోకి ఎక్కాలి.

ఏ క్యాలెండర్?

ముందు అందరికీ తెలిసినదే తీసుకుందాం. 1600 డిసెంబర్ 31న ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్ ఈస్టిండియా కంపెనీకి చార్టర్ ఇచ్చారు. తూర్పు దేశాలతో వ్యాపారం చేసే హక్కు 15 ఏళ్ళపాటు ఆ లండన్ వర్తకులదే అని రాసిచ్చిన పత్రం అది. మన చరిత్రను అంతగా మార్చిన కాగితం మరొకటి లేదని నా అభిప్రాయం. అందుకే దీని తేదీ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

ఏం జరిగింది, ఎక్కడ అన్న గడులు ఇట్టే నిండుతాయి. మూడో గడి దగ్గరే చిక్కు. పోప్ 13వ గ్రెగరీ 1582లో క్యాలెండర్‌ను సవరించారు. క్యాథలిక్ దేశాలు త్వరగానే మారాయి. ఇంగ్లండ్ మాత్రం 1752 దాకా పాత జూలియన్ లెక్కలోనే ఉండిపోయింది. 1600 నాటికి రెండు లెక్కలకూ తేడా 10 రోజులు. అంటే లండన్‌లో చార్టర్ ఇచ్చిన రోజు పారిస్‌లో 1601 జనవరి 10.

చిక్కు ఇంకా ఉంది. అప్పట్లో ఇంగ్లండ్‌లో చట్టపరంగా కొత్త సంవత్సరం మొదలయ్యేది మార్చి 25న. చార్టర్ ఇచ్చిన మర్నాడు లండన్ కాగితాల్లో 1600 జనవరి 1 అని రాసుకున్నారు, 1601 కాదు. స్కాట్లాండ్ ఆ ఏడాదే జనవరి 1కి మారింది కనుక ఎడిన్‌బరోలో అదే రోజు 1601 జనవరి 1. చార్టర్ పుట్టిన రోజు ఇంగ్లండ్ చట్టం దృష్టిలో ఏడాది ఆఖరి రోజే కాదు. ఆఖరి రోజు మార్చి 24.

మరి మనం ఏం రాయాలి? చరిత్రకారుల్లో ఎక్కువమంది పాటించే పద్ధతి ఇది: రోజునూ నెలనూ అప్పటి కాగితంలో ఉన్నట్టే ఉంచుతారు, సంవత్సరాన్ని మాత్రం జనవరి 1 నుంచి లెక్కిస్తారు. కాబట్టి "1600 డిసెంబర్ 31 (పాత లెక్క)" అని రాస్తే చాలు. ఆ "పాత లెక్క" అన్న రెండు మాటలు వదలొద్దు. జనవరి 10 అని ఇంకెక్కడో చదివిన పాఠకుడికి అనుమానం తీర్చేవి అవే.

తేడా ఎప్పుడూ 10 రోజులే అనుకోకండి. 1582 నుంచి 1700 ఫిబ్రవరి దాకా 10, ఆ తర్వాత 1800 ఫిబ్రవరి దాకా 11, 1900 ఫిబ్రవరి దాకా 12, అక్కణ్ణుంచి ఇప్పటిదాకా 13. ఈ నాలుగు అంకెలూ నోటుపుస్తకం అట్ట లోపల రాసి పెట్టుకోండి.

ఇవి పుట్టినరోజుల్లో ఎలా పనిచేస్తాయో ఇద్దరు మనుషుల్లో చూద్దాం. జార్జ్ వాషింగ్టన్ పుట్టినప్పుడు వర్జీనియాలో తేదీ 1731 ఫిబ్రవరి 11. ఇంగ్లండ్‌తో పాటు దాని వలసలూ 1752లో క్యాలెండర్ మార్చాక దాన్ని 1732 ఫిబ్రవరి 22గా లెక్కించారు. ఇవాళ ఆయన పుట్టినరోజుగా పుస్తకాలు రాసేది ఆ రెండో తేదీనే. యార్క్‌టౌన్‌లో 1781లో, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, ఆయన చేతిలో ఓడిన చార్లెస్ కార్న్‌వాలిస్, తర్వాత మన దగ్గరికి గవర్నర్ జనరల్‌గా వచ్చి 1793లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టిన మనిషి, లండన్‌లో 1738 డిసెంబర్ 31న పుట్టారు. అదీ పాత లెక్కే. కొత్త లెక్కకు మారిస్తే 1739 జనవరి 11 అవుతుంది. కానీ ఆయన తేదీని ఎవరూ మార్చలేదు, పుస్తకాలన్నీ డిసెంబర్ 31 అనే రాస్తాయి. ఒకే యుద్ధంలో ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరి పుట్టినరోజులు రెండు వేర్వేరు లెక్కల్లో మిగిలిపోయాయి. ఇద్దరినీ ఒకే లెక్కలోకి తేవాలని మీరు ప్రయత్నించకండి. వాడుకలో ఉన్నది రాసి, ఏ లెక్కో పక్కన చెప్పండి.

మరీ పాత తేదీలకు ఇంకో పరీక్ష ఉంది. జూలియస్ సీజర్ సంస్కరణకు ముందు రోమన్ల డిసెంబర్‌కు 29 రోజులే. క్రీ.పూ. 45 కంటే ముందు డిసెంబర్ 31న రోమ్‌లో ఏదో జరిగిందని ఎవరైనా రాస్తే, అది తర్వాతివాళ్ళు వేసిన లెక్క. రోమ్ చక్రవర్తి కొమ్మొడస్ హత్య క్రీ.శ. 192 డిసెంబర్ 31న జరిగింది. దానికి ఈ ఇబ్బంది లేదు.

ఏ ఊరి గడియారం?

1999 డిసెంబర్ 31న మాస్కోలో మధ్యాహ్నం 12 గంటలకు బోరిస్ యెల్ట్సిన్ టీవీలో కనిపించి రాజీనామా ప్రకటించారు. వ్లాదిమిర్ పుతిన్ తాత్కాలిక అధ్యక్షుడయ్యారు. అదే క్షణంలో హవాయిలో డిసెంబర్ 30 రాత్రి 11 గంటలు. సంఘటన ఎక్కడ జరిగితే అక్కడి తేదీ రాయాలన్న నియమం ఉన్నది ఇందుకే. ఆ రోజే మధ్యాహ్నం పనామా కాలువ అమెరికా చేతుల్లోంచి పనామా చేతికి వచ్చింది. ఆ రోజే కాందహార్‌లో ఐసీ 814 విమానం బందీలు విడుదలయ్యారు. మూడు సంగతులు, మూడు గడియారాలు, ఒకే తేదీ.

ఒక్కోసారి ఒకే క్షణానికి రెండు తేదీలూ సరైనవే. 2016 చివర ప్రపంచ ప్రామాణిక సమయానికి ఒక లీపు సెకను కలిపారు. డిసెంబర్ 31 రాత్రి 23:59:59 తర్వాత 23:59:60 వచ్చి, ఆ పైన కొత్త ఏడాది వచ్చింది. భారత కాలమానంలో ఆ సెకను 2017 జనవరి 1 తెల్లవారుజామున 5:29:60.

ఇక "అర్ధరాత్రి" అన్న మాటతో జాగ్రత్త. 1929 డిసెంబర్ 31 అర్ధరాత్రి లాహోర్‌లో, రావి నది ఒడ్డున, జవహర్‌లాల్ నెహ్రూ త్రివర్ణ పతాకం ఎగరేశారు. పూర్ణ స్వరాజ్యమే లక్ష్యమని కాంగ్రెస్ చాటిన సమావేశం అది. ఇక్కడ "31 అర్ధరాత్రి" అంటే ఆ తేదీ మొదలైన అర్ధరాత్రా, ముగిసిన అర్ధరాత్రా? మన మాటలో రెండూ కుదురుతాయి. "1929 ముగిసి 1930 మొదలవుతుండగా" అని రాయండి, సందేహమే ఉండదు.

సరిగ్గా ఏ పని జరిగింది?

జాబితాల్లో నాకు అన్నిటికంటే బాధ కలిగించే వాక్యం: "1879 డిసెంబర్ 31: ఎడిసన్ బల్బు కనిపెట్టారు." ఆ రోజు ఆయన కనిపెట్టలేదు. గంటల తరబడి వెలిగిన కార్బన్ తంతువు దీపాన్ని ఆయన బృందం అక్టోబర్‌లోనే సాధించింది. నవంబర్ 4న పేటెంట్‌కు దరఖాస్తు పెట్టారు, అది 1880 జనవరి 27న వచ్చింది. మరి డిసెంబర్ 31న? న్యూజెర్సీలోని మెన్లో పార్క్‌లో, తన ప్రయోగశాలలోనూ చుట్టుపక్కల వీధుల్లోనూ దీపాలు వెలిగించి జనానికి చూపించారు. చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసం రైల్వే కంపెనీ ప్రత్యేక రైళ్ళు నడిపింది. ఎడిసన్‌కు ముందు కూడా ఎంతోమంది విద్యుద్దీపాలు చేశారు. "కనిపెట్టారు" తీసేసి "ప్రజలకు ప్రదర్శించారు" అని పెట్టండి. వాక్యం నిజమవుతుంది. పైగా ఆ చలిరాత్రి రైలు దిగి వెలుగు చూసిన జనం కూడా కళ్ళముందుకొస్తారు.

2019 డిసెంబర్ 31 కూడా ఇలాంటిదే. కొవిడ్ ఆ రోజు మొదలవలేదు. వూహాన్‌లో అంతుపట్టని న్యుమోనియా కేసుల సంగతి ప్రపంచ ఆరోగ్య సంస్థ దృష్టికి వచ్చిన రోజు అది. 1802 డిసెంబర్ 31న రెండో బాజీరావు పీష్వా ఈస్టిండియా కంపెనీతో బసైన్ సంధి చేసుకున్నారు. ఇక్కడ పని సంతకం, చిక్కు లేదు. 1992 డిసెంబర్ 31 ముగిసేసరికి చెకోస్లొవేకియా అంతమైంది. చెక్, స్లొవాక్ దేశాలు పుట్టింది 1993 జనవరి 1న. అంతం డిసెంబర్ 31 జాబితాలోకి, పుట్టుక మర్నాటి జాబితాలోకి పోవాలి. రెండూ ఒకే చోట పెట్టేవాళ్ళు చాలామంది.

వయసు లెక్క

డిసెంబర్ 31న పుట్టినవాళ్ళకు ఏడాదిలోంచి ఏడాది తీసేస్తే వచ్చే వయసు, ఆ ఒక్క రోజు తప్ప మిగతా ఏడాదంతా తప్పే. నేను మొదట్లో చిత్రకారుడు హెన్రీ మాటిస్ గురించి రాస్తూ "85వ ఏట మరణించారు" అనకుండా "85 ఏళ్ళు బతికారు" అని రాశాను. ఆయన పుట్టింది 1869 డిసెంబర్ 31న, పోయింది 1954 నవంబర్ 3న. నిండినవి 84. ఒక పాఠకుడు ఉత్తరం రాసి దిద్దారు. అప్పటినుంచి ఈ తేదీ పుట్టినరోజులన్నిటికీ తీసివేత అయ్యాక ఇంకో 1 తీసేయడం అలవాటైంది.

క్రికెటర్ లక్ష్మణ్ శివరామకృష్ణన్‌నే చూడండి. పుట్టింది 1965 డిసెంబర్ 31న. మొదటి టెస్టు ఆడింది 1983 ఏప్రిల్ 28న, వెస్టిండీస్ మీద, ఆంటిగ్వాలో. 83లోంచి 65 తీసేస్తే 18. కానీ ఆ రోజు ఆయనకు 17 ఏళ్ళ 118 రోజులు. పద్దెనిమిదేళ్ళని రాస్తే ఆ కుర్రాడి ఘనత కొంత దొంగిలించినట్టే.

ఈ రోజు పుట్టినవాళ్ళలో నా జాబితాలో మొదటి పేరు ఆండ్రియాస్ వెసాలియస్‌ది. బ్రస్సెల్స్‌లో 1514లో పుట్టారు. పెద్దలు చెప్పింది వల్లించకుండా తన చేత్తో శవాలు కోసి చూసి, వెయ్యేళ్ళకు పైగా చెలామణిలో ఉన్న ప్రాచీన గ్రీకు వైద్యుడు గాలెన్ తప్పులు దిద్దారు. మనిషి శరీర నిర్మాణంపై ఆయన గ్రంథం 1543లో అచ్చయ్యేటప్పటికి ఆయనకు 28 ఏళ్ళే. నటులు ఆంథొనీ హాప్కిన్స్ (1937), బెన్ కింగ్‌స్లీ (1943) పుట్టిందీ ఈ రోజే. వాళ్ళ పేర్లు అన్ని జాబితాల్లోనూ ఉంటాయి, మీరూ ఒక వరుస ఇవ్వండి చాలు.

వారంతో పరీక్ష

పాత పత్రికలో తేదీతో పాటు వారం కూడా ఉంటే అది వరం. రెండూ కలుస్తాయో లేదో చేత్తోనే లెక్క చూడొచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి: 1999 డిసెంబర్ 31 శుక్రవారం. మామూలు ఏడాదిలో 52 వారాల మీద ఒక రోజు మిగులుతుంది, లీపు ఏడాదిలో రెండు.

1984 డిసెంబర్ 31న, ఎన్నికల్లో గెలిచాక, రాజీవ్ గాంధీ మళ్ళీ ప్రధానిగా ప్రమాణం చేశారు. ఏ వారం? 1984 నుంచి 1999కి 15 ఏళ్ళు. మధ్యలో వచ్చే లీపు ఏళ్ళు 1988, 1992, 1996, అంటే 3. 15కి 3 కలిపితే 18. అందులో ఏడుల జతలు తీసేస్తే మిగిలేది 4. శుక్రవారం నుంచి నాలుగు రోజులు వెనక్కి వెళ్తే సోమవారం. 1984 కూడా లీపు ఏడాదే, దాన్ని ఎందుకు లెక్కించలేదని అడుగుతారేమో. ఆ ఫిబ్రవరి 29 మనం బయల్దేరిన డిసెంబర్ 31కి ముందే అయిపోయింది. పాత ఏడాదిని వదిలి, కొత్త ఏడాదిని కలుపుకోవాలి. తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి కనుక రెండు మూడుసార్లు వేసి చూడండి.

అభ్యాసం

ఒకటి: రావి ఒడ్డున జెండా ఎగిరిన 1929 డిసెంబర్ 31 ఏ వారం? 1999 నుంచి వెనక్కి లెక్కేయండి. రెండు: తైపీ 101 భవనం 2004 డిసెంబర్ 31న ప్రారంభమైంది. అది ఏ వారం? ఇక్కడ ముందుకు వెళ్ళాలి, 2004 లీపు ఏడాది. మూడు: అమెరికా సైన్యాధిపతి జార్జ్ మార్షల్ 1880 డిసెంబర్ 31న పుట్టి 1959 అక్టోబర్ 16న మరణించారు. నిండిన వయసెంత? నాలుగు: రేడియో పరిశోధకుడు అలెగ్జాండర్ పొపోవ్ మరణం ఒక పుస్తకంలో 1905 డిసెంబర్ 31 అనీ, మరోదాంట్లో 1906 జనవరి 13 అనీ ఉంది. రష్యా 1918 దాకా పాత లెక్కలోనే ఉంది. రెండు పుస్తకాలూ ఒకే మాట చెబుతున్నాయని చూపిస్తూ ఒక్క వాక్యం రాయండి.

జవాబులు 7వ భాగం మొదట్లో ఇస్తాను. ఆ భాగానికి తీసుకునే తేదీ ఫిబ్రవరి 29.