పాత మోటార్‌సైకిల్ ఫెయిరింగ్ (బండి ముందు, పక్కల బిగించే తొడుగు) కంపెనీదా, బయటిదా? విప్పే ముందు జాగ్రత్తలు

- ప్రతి బోల్టు, వాషరు, రబ్బరు బుష్ ఉన్నచోటే ఫోటో తీసుకోండి.
- లోపలి వైపు తడిగుడ్డతో తుడిచి, టార్చి వేసి చూడండి. 1985 సుజుకి జీఎస్ఎక్స్-ఆర్750 లాంటి జపాన్ బండ్లకైతే అచ్చులోనే పోసిన కంపెనీ గుర్తులు వెతకాలి. అక్కడ గాజు పీచు (ఫైబర్‌గ్లాస్) అల్లిక కనిపిస్తే బయటిదేమోనని అనుమానించాల్సిందే. తొందర మాత్రం వద్దు: 1970ల బీఎండబ్ల్యూ ఆర్90ఎస్‌కు కంపెనీ బిగించిందే ఫైబర్‌గ్లాస్. నకిలీ అనుకుని పారేస్తే అలాంటిది మళ్లీ దొరకడం చాలా కష్టం.
- పాత రంగు చూద్దామని అసిటోన్ రాయొద్దు, ఫెయిరింగ్ ఏబీఎస్ అనే రకం ప్లాస్టిక్‌దైతే కరిగిపోతుంది.
- ఫైబర్‌గ్లాస్‌ను గీకాల్సి వస్తే మాస్కు, గ్లవ్స్ తప్పనిసరి.
- చేత్తో డ్రిల్ చేసిన వంకర రంధ్రాలు బయటి సరుకుకు మంచి ఆనవాలు. అవి ఫ్రేముతో కలవకపోతే బలవంతంగా బిగించొద్దు, బోల్టు చుట్టూ పగులుతుంది.