బిగుసుకుపోయిన పాత కుట్టు మిషన్ మళ్లీ తిరిగింది

నల్ల తలకాయ తొక్కుడు మిషన్. చక్రం చేత్తో తిప్పినా కదలదు. కొత్త బెల్టు, ఇంకాస్త ఆయిల్, షటిల్ (కింది దారం బాబిన్ ఉండే భాగం) శుభ్రం చేయడం, ఏదీ పనిచేయలేదు. ఎప్పుడో పోసిన కొబ్బరినూనె లోపల జిగురులా గట్టిపడింది.

బెల్టు తీసి, చక్రం మధ్యలోని పెద్ద స్క్రూ వదులు చేశాను. చక్రం విడిగా తేలిగ్గా తిరిగింది, అంటే బిగువు తలలోనే ఉంది. స్క్రూ బిగించి, పైనా కిందా ప్రతి ఆయిల్ రంధ్రంలో రెండు మూడు చుక్కల కిరసనాయిలు వేసి రాత్రంతా వదిలేశాను. పొద్దున చక్రాన్ని ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఊపితే సూదికడ్డీ వెంట గోధుమరంగు జిడ్డు దిగింది. తుడిచి మళ్లీ వేశాను, చుక్క తేటగా వచ్చేదాకా. చివర్లో మిషన్ ఆయిల్ తప్పనిసరి. కిరసనాయిలు ఆరిపోతే ఇనుముకు ఇనుము రాసుకుంటుంది.

కదిలే కీళ్లన్నిటికీ నూనె దారి వదిలిన ఆ పనితనం ఎంత ముచ్చటగా ఉందో! తుప్పు పట్టేసిన మిషన్‌కు ఇది చాలకపోవచ్చు. ప్లాస్టిక్ గేర్లున్న కొత్తవాటికి మాత్రం చేయకండి.