నెల్లూరులో కామిక్స్ అంగడి పెట్టాలనుకునే వాళ్లకి

కామిక్స్ అంగడి పెడతామని నా దగ్గరికి వచ్చే వాళ్లు ముందు అడిగేది "ఏ పుస్తకాలు తెప్పించాలక్కా?" అని. అది తర్వాతి మాట. ముందు అంగడి యాడ పెడతారో చెప్పండి.

ట్రంకు రోడ్డు, వీఆర్సీ సెంటరు వైపు చూడబాకండి. అక్కడి అద్దెలకి బంగారమో బట్టలో అమ్మాలి గానీ వంద రూపాయల పుస్తకం అమ్మితే గిట్టదు. మాగుంట లేఔట్‌లో డబ్బున్న వాళ్లే ఉంటారు, కానీ కార్లో వచ్చి కార్లో పోతారు. బోర్డు చూసి ఆగి, దిగి, లోపలికొచ్చే ఓపిక ఉండదు. కాలేజీ గేటు ఎదురుగా పెడితే బాగుంటుందని చాలామంది అనుకుంటారు. అక్కడి పిలకాయలు గుంపుగా వచ్చి అన్నీ తిరగేసి, పక్క బండి మీద మిర్చి బజ్జీ తిని పోతారు. జేబులో ఉండేది బజ్జీ డబ్బులే.

నేను పొగతోటలో, ఆస్పత్రుల వెనక సందులో పెట్టా. కావలి, ఆత్మకూరు, ఉదయగిరి, పొదలకూరు, ఇటు కందుకూరు నుంచి కూడా వైద్యానికి జనం వచ్చేది ఈ పేటకే. పొద్దున టోకెను తీసుకుంటారు, మధ్యాహ్నం దాకా పిలుపు రాదు. వెంట వచ్చిన పిల్లోడు ఏడుస్తా ఉంటాడు, ఫోను ఛార్జింగ్ అయిపోతుంది. అప్పుడు వాళ్ల నాన్న సందులోకి వచ్చి "వీడు కూర్చునేదానికి ఏదన్నా ఇవ్వమ్మా" అంటాడు. నాకు నిలకడగా వచ్చే అమ్మకం ఇదే. అభిమానులు, సేకరించే వాళ్లు శని ఆదివారాలు వస్తారు. మిగతా ఐదు రోజుల అద్దె కట్టేది టోకెను చేతిలో పట్టుకున్న నాన్నలు.

అందుకే గుమ్మంలో చేతికందేట్టు పెట్టాల్సింది అమర్ చిత్రకథ, టింకిల్. అమర్ చిత్రకథ 1967లో మొదలైంది, టింకిల్ 1980లో. రెంటి వెనకా ఉన్న మనిషి అనంత్ పాయ్. ఇప్పుడు నాన్నలైన వాళ్లు చిన్నప్పుడు చదివిన పేర్లు ఇవి, కాబట్టి వాళ్లకి ఏమీ చెప్పి అమ్మక్కర్లేదు. తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉంచండి. ఇంగ్లీషు మీడియం పిల్లోడికి ఇంగ్లీషుది, వాడికి చదివి వినిపించే నాయనమ్మకి తెలుగుది అని ఒకే కథ రెండు భాషల్లో కొన్న ఇళ్లున్నాయి. తెలుగువి ఒకసారి అయిపోతే మళ్లీ వచ్చేదానికి నెలలు పడుతుంది, దొరికినప్పుడే రెండు కాపీలు ఎక్కువ తెప్పించుకోండి.

చదివేది ఒకరు, డబ్బులిచ్చేది ఒకరు. మీరు మాట్లాడాల్సింది డబ్బులిచ్చే వాళ్లతో. "దీంతో చదువుకి ఏమన్నా లాభముందా?" అని ప్రతి అమ్మా అడుగుతుంది. మార్కులు పెరుగుతాయని అబద్ధం చెప్పబాకండి, పరీక్షలయ్యాక నిలదీస్తారు. ఒక పేజీ తెరిచి పిల్లోడితో గట్టిగా చదివించండి. రెండో గడి దాటేసరికి వాడే పుస్తకం లాక్కుంటాడు, మీరు ఇంకేం చెప్పే పని ఉండదు.

ఇక మాంగా, అంటే జపాన్ కామిక్స్. ఇప్పుడు డబ్బు తిరిగేది ఇక్కడే, ఇరుక్కుపోయేదీ ఇక్కడే. జపాన్ బొమ్మల కథలు టీవీలో, ఫోన్లో చూసిన పిలకాయలు పుస్తకం కోసం వస్తారు. ఒక్కో సంపుటం నాలుగు వందల నుంచి ఆరు వందల దాకా ఉంటుంది. మనకి మిగిలేది ఆ ధరలో మూడో వంతు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. ఆన్‌లైన్లో అదే పుస్తకం తగ్గింపుతో దొరుకుతుంది, కాబట్టి ధరలో పోటీ పడితే మూతబడతాం.

నా పద్ధతి ఏందంటే, చిన్న సిరీస్‌లు పూర్తిగా పెడతా, పెద్దవాటికి మొదటి మూడు సంపుటాలే పెడతా. డెత్ నోట్ 12 సంపుటాలతో అయిపోతుంది, డీమన్ స్లేయర్ 23తో. మొదలుపెట్టిన వాడు చివరిదాకా కొంటాడు, ఇంట్లో కూడా "ఇంకెన్ని ఉన్నాయిరా" అంటే లెక్క చెప్పగలడు. నరూటో 72. వన్ పీస్ 1997లో మొదలై వంద సంపుటాలు దాటినా ఇంకా నడుస్తానే ఉంది. వీటిని మొత్తం తెప్పించి అరలో నిలబెట్టారంటే, నడిమి సంపుటాలు మీకు తోడుగా ముసలివవుతాయి. నాలుగో సంపుటం కావాలన్న వాడి దగ్గర సగం డబ్బు ముందే తీసుకుని తెప్పించండి. చెన్నై మూడు గంటల దూరమే కదా, సరుకు అక్కడ ఉంటే వారంలోపే పార్సిల్ వస్తుంది. డిస్ట్రిబ్యూటర్‌తో మొదటి రోజే మాట్లాడుకోవాల్సింది కమీషన్ గురించి కాదు, అమ్ముడుపోనిది వాపసు తీసుకుంటాడా లేదా అని. తీసుకోనంటే ప్రతి పేరుకీ ఒక్క కాపీతో మొదలుపెట్టండి.

మాంగా కుడి నుంచి ఎడమకి చదవాలని అమ్మేటప్పుడే, కొనేవాళ్లకి చూపించి చెప్పండి. ఒకాయన కొడుక్కి పుస్తకం కొనిచ్చి, సాయంత్రం తిరిగొచ్చి "బైండింగ్ తిరగబడిన మాల్ అంటగట్టారు" అని సందు సందంతా వినపడేట్టు గొడవపెట్టాడు. మనం మొదటి పేజీ అనుకుని తెరిచే చోట, తప్పు వైపు నుంచి చదువుతున్నారని చాలా పుస్తకాల్లో అచ్చేసే ఉంటుంది. ఆయన అది చదివి కూడా తగ్గలేదు. వెనక అట్ట మీద వయసు గుర్తు ఉంటే అది చూడకుండా ఏదీ పిల్లోడి చేతిలో పెట్టబాకండి. పెద్దలవి పై అరలో, నా తల కన్నా ఎత్తులో ఉంచుతా. వాటిని అడిగితే నేనే తీసిస్తా.

దొంగ ప్రింట్లు కూడా వస్తాయి. సగం ధరకి ఇస్తామని ఎవరో ఒకరు ఫోన్ చేస్తానే ఉంటారు. గుర్తుపట్టేది సులువు. బూడిద రంగు వేసిన చోట్ల అసలు పుస్తకంలో సన్నటి చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి. దొంగదాంట్లో స్కాన్ చేసి మళ్లీ అచ్చేస్తారు కాబట్టి ఆ చుక్కలు అలలు అలలుగా చారలు పడతాయి. పేజీ అంచున మాటలు తెగిపోయి ఉంటాయి. ఒక్కటి అమ్మినా మీ అంగడి పేరు పోతుంది. ఈ పిలకాయలు మనకంటే బాగా కనిపెడతారు.

ఇప్పుడు నాకు ఇష్టమైన సంగతి, పాత చందమామలు. మా నాన్న మూలాపేటలో పుస్తకాలు అద్దెకిచ్చేవాడు, అందుకని వీటి మంచీ చెడూ నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. చందమామ 1947 జూలైలో మద్రాసులో మొదలైంది, నాగిరెడ్డి, చక్రపాణి పెట్టారు. ఆగిపోయి పదేళ్ల పైనే అయింది. కొత్తవి రావు కాబట్టి ఉన్నవాటికి విలువ.

అవి దొరికేది మూడు చోట్ల. పాత పేపర్ల కొట్టు ఒకటి. అక్కడ తూకానికే పోతాయి. కొట్టు వాడితో స్నేహంగా ఉండి, తూకం కంటే రెండింతలు ఇస్తానని చెప్పిపెడితే తీసి పక్కన పెడతాడు. రెండోది, ఇల్లు ఖాళీ చేసే వాళ్లు. ముసలాళ్లు పోయాక అటక మీది ట్రంకు పెట్టె దింపుతారు చూడండి, అప్పుడు. అక్కడ మాత్రం బేరం ఆడబాకండి, న్యాయమైన ధర చెప్పి తీసుకోండి. పక్కింటోళ్లు కూడా మిమ్మల్నే పిలుస్తారు. మూడోది చెన్నై. సెంట్రల్‌లో రైలు దిగితే పక్కనే ఒకప్పుడు మూర్ మార్కెట్ ఉండేది. 1985లో కాలిపోయింది. అక్కడి పాత పుస్తకాల వాళ్లు స్టేషన్ దగ్గరే వేరే చోటికి మారారు. పత్రిక అచ్చయిందే వడపళనిలో కాబట్టి తెలుగు సంచికలు కూడా ఆ ఊళ్లో బాగానే మిగిలాయి.

కొనేటప్పుడు ముందు నడిమి పేజీలు తెరవండి. పిన్నులు తుప్పుపట్టి అవే ఊడిపోతాయి. తర్వాత ఫోటో వ్యాఖ్యల పోటీ పేజీ చూడండి, కత్తిరించిన ఇళ్లు చాలా ఉన్నాయి. ఏడాది సంచికలు పన్నెండూ కలిపి బైండు చేయించిన పుస్తకం చూడగానే మురిసిపోబాకండి. బైండరు అట్టలు తీసేసి, అంచులు మిషన్‌లో కోసి ఉంటాడు. వపా, అంటే వడ్డాది పాపయ్య, బొమ్మ వేసిన అట్ట ఉన్న విడి సంచిక ఒక్కటి, అట్టల్లేని బైండు కన్నా త్వరగా పోతుంది. చదువుకునే వాళ్లకి మాత్రం బైండే కావాలి. వాళ్లు నెలా సంవత్సరం అడగరు, సీరియల్ పేరు అడుగుతారు. "రాకాసిలోయ మొదటి నుంచి చివరిదాకా ఉందా?" అంటారు. అది రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. కాబట్టి ఏ సంచికలో ఆయన సీరియల్ ఎన్నో భాగం ఉందో ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. ఆ నోటుబుక్కు మీ గల్లాపెట్టె కంటే ముఖ్యం. శంకర్ గీసిన విక్రమార్కుడి బొమ్మ చూపించి ఫ్రేము కట్టించేదానికి పేజీ చించి ఇవ్వమనే వాళ్లు వస్తారు. ఇవ్వబాకండి.

తుప్పు పిన్ను తీసి దారంతో కుట్టండి. సెల్లో టేపు ముట్టబాకండి, నాలుగేళ్లకి పసుపు మరక అయి కాగితాన్ని తినేస్తుంది. నెల్లూరుకి వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలకి. ఆ మూడు నెలలు అరలు గోడకి జానెడు దూరం జరపండి, కింది అర ఖాళీ చేయండి. 2021 నవంబరులో పెన్నకి వరద వచ్చినప్పుడు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకి, నేల మీద అట్టపెట్టెల్లో సరుకు పెట్టిన వాళ్ల గతి ఊరంతా చూసింది. ప్లాస్టిక్ కవరులో వేసి మూతి బిగించేది కూడా ఎండ కాసే నెలల్లోనే చేయాలి; తేమతో పాటు బిగిస్తే లోపలే బూజు పడుతుంది. పురుగుకి వసకొమ్ము ముక్కలు గుడ్డలో కట్టి పెడతా. మా నాన్న పెట్టేవాడు, నేనూ మానలేదు.

అద్దెకివ్వడం ఇప్పుడు కుదరదంటారు గానీ మాంగాకి కుదురుతుంది. పుస్తకం ధర మొత్తం డిపాజిట్, మూడు రోజులకి ముప్పై రూపాయలు. డిపాజిట్ వాపసు అడగకుండా పుస్తకమే ఉంచేసుకునే వాళ్లు చాలామంది, అదీ అమ్మకమే. ఊరికే నిలబడి చదివే పిలకాయల్ని తరమబాకండి. వాళ్ల కోసం ఒక్కో పేరుకి ఒక నలిగిన కాపీ వేరుగా పెట్టి, చేతులు కడుక్కోమని కుళాయి చూపించండి.

ఏడాది తిరిగే లెక్క ఇట్టా ఉంటుంది. ఫిబ్రవరి, మార్చి పరీక్షలకి సద్దు ఉండదు. ఏప్రిల్ చివరి నుంచి మే అంతా మంచి బేరం. జూన్‌లో డబ్బంతా ఫీజులకి, యూనిఫారాలకి పోతుంది, ఆ నెల కొత్త సరుకు దించబాకండి. దసరా ఒక మోస్తరు. సంక్రాంతికి బెంగళూరు, హైదరాబాదు నుంచి, అమెరికా నుంచి వచ్చిన వాళ్లు పాత చందమామలు అడుగుతారు, కాబట్టి మంచివి డిసెంబరులో బయట పెట్టకుండా దాచండి. తడ, సూళ్లూరుపేట వైపు నుంచి తమిళం చదివే పెద్దాయనలు కూడా వస్తారు. వాళ్లకి శివకాశి నుంచి వచ్చే లయన్, ముత్తు కామిక్స్ కావాలి, అందులోనూ ఇటలీ కౌబాయ్ టెక్స్ విల్లర్. ఆ పెద్దాయనలు ఐదారు పుస్తకాలు ఒకేసారి కొంటారు, బేరం ఆడరు.

కాగితాల పని పెద్దది కాదు. కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖలో షాపు రిజిస్ట్రేషన్. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు. కీచైన్లు, బొమ్మలు, టీషర్టులు పెడితే వాటికి ఉంది. మన రాష్ట్రంలో అట్టాంటి పన్ను సరుకు కూడా అమ్మే అంగడికి ఏడాదికి మొత్తం 40 లక్షల అమ్మకం దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. బొమ్మల్లో లాభం పుస్తకాలకి రెండింతలు, నిజమే. కానీ ఒక గోడ దాటనివ్వబాకండి. దాటిందంటే మీది బొమ్మల అంగడి అయిపోతుంది, అట్టాంటివి చిన్నబజారులో చాలానే ఉన్నాయి.

వేరే ఊళ్లకి పంపేదానికి తపాలా వాళ్లు 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ అని పెట్టారు. చదువు, సమాజం, సంస్కృతి, మతం లాంటి విషయాల పుస్తకాలకి 300 గ్రాముల దాకా 20 రూపాయలు, ఐదు కిలోలకి 100, పైన పన్ను. పత్రికలకి వర్తించదు, ప్రకటనలున్న వాటికీ వర్తించదు, అంటే చందమామలు అందులో పోవు. వాటిని స్పీడ్ పోస్ట్‌లోనే పంపాలి. చుట్టబెట్టి పంపబాకండి. రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, మూలలకి అదనంగా కాగితం మడిచి, నాలుగు వైపులా దారం కట్టి, కొన్న వాళ్లకి కట్టక ముందు ఫోటో, కట్టాక ఫోటో వాట్సాప్‌లో పెట్టండి.