స్పానిష్‌లో ఉత్తరం రాసే ముందు జాగ్రత్తలు

స్పానిష్ ప్రావీణ్యాన్ని కొలిచే డెలే పరీక్షలో మధ్యస్థాయి బీ1. దాని రాత పరీక్షలో రెండు రచనలకు కలిపి 60 నిమిషాలు. మొదటిది 100 నుంచి 120 పదాల ఉత్తరమో సందేశమో. కలం పట్టే ముందు ఇవి చూసుకోండి.

• చదివేది స్నేహితుడా, అధికారా? ‘తూ’ వాడాలా, ‘ఉస్తెద్’ వాడాలా ముందే తేల్చుకోండి. నువ్వు, మీరు తేడా తెలిసిన మనకు ఇది సులభమే. అయితే ఉస్తెద్ పక్కన క్రియ ‘అతడు’కు వాడే రూపంలోనే ఉంటుంది. చాలామంది తడబడేది ఇక్కడే. మధ్యలో ఒకదాని నుంచి మరొకదానికి జారిపోకండి.

• నామవాచకాన్ని దాని ముందు వచ్చే ‘ఎల్’ (పుంలింగం), ‘లా’ (స్త్రీలింగం)తో కలిపే గుర్తుచేసుకోండి. తెలుగులో చేతికీ సమస్యకూ లింగభేదం లేదు. అక్కడ చెయ్యి ‘లా మానో’, సమస్య ‘ఎల్ ప్రొబ్లెమా’. చివరి అచ్చును చూసి ఊహించడం ప్రమాదం.

• ఇంగ్లిష్ పోలికను నమ్మకండి. ‘ఎంబరసాదా’ అంటే సిగ్గుపడిన స్త్రీ కాదు, గర్భవతి.

• ‘ఆన్యో’లో ఎన్ అక్షరం మీది అలగీత తప్పనిసరి. అది లేకపోతే సంవత్సరం కాస్తా మలద్వారం అవుతుంది. వయసు చెప్పే వాక్యాన్ని రెండుసార్లు చూడండి.

• సంబోధన తర్వాత కామా కాదు, కోలన్. ప్రశ్నకు మొదట్లోనూ తలకిందుల గుర్తు. నెలల పేర్లు చిన్న అక్షరంతో.

• చివరి పది నిమిషాలు గతకాలపు క్రియలకే ఉంచండి. ఒకసారి జరిగి ముగిసినదానికి ఒక రూపం, అలవాటుగా జరిగినదానికి మరొకటి.