లద్దాఖ్ వెళ్తున్నారా? ముందు సిమ్ సంగతి చూసుకోండి

మన ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు. జమ్మూ కశ్మీర్‌లోనూ అంతే. బయటి రాష్ట్రాల సిమ్‌లలో పోస్ట్‌పెయిడ్ వాటికే అక్కడ రోమింగ్ ఉంటుంది. ఇది తెలియక లేహ్‌లో దిగాక నేను ఫోన్‌ను ఆన్, ఆఫ్ చేస్తూ అరగంట కూర్చున్నాను. అందుకే బయల్దేరే ముందు, చివరి రోజు దాకా ఆగకుండా, పోస్ట్‌పెయిడ్‌కు మారిపోండి. ఇద్దరు వెళ్తుంటే చెరో కంపెనీ సిమ్ పెట్టుకోండి. ఒకటి పలకని ఊళ్లో రెండోది పలకొచ్చు.

నుబ్రా లోయలోని తుర్తుక్ వైపో, లేదంటే హాన్లే వైపో వెళ్లేటట్టయితే లేహ్‌లో వైఫై ఉండగానే గూగుల్ మ్యాప్స్‌లో ఆ ప్రాంతం డౌన్‌లోడ్ చేసుకోండి. నెట్ లేకపోయినా జీపీఎస్ మీరెక్కడున్నారో చూపిస్తుంది. సిగ్నల్ లేనిచోట ఫోన్ టవర్ కోసం వెతికి వెతికి చార్జింగ్ తాగేస్తుంది, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. చలికి బ్యాటరీ కూడా తొందరగా దిగిపోతుంది. నేనైతే రాత్రిళ్లు ఫోన్, పవర్ బ్యాంకు రెండూ రజాయిలోనే పెట్టుకునేవాణ్ణి, చంటిపిల్లల్లాగా!

నెట్ లేకపోతే ఫోన్‌పే కూడా లేనట్టే, చేతిలో నగదు ఉంచుకోండి. ఇంకో మాట, "రెండు రోజులు ఫోన్ కలవదు, టెన్షన్ పడొద్దు" అని ఇంట్లో ముందే చెప్పి వెళ్లండి.